గుమ్మానికి కట్టిన దొన్నె

ఒకప్పుడు మనిషి ఒంట్లో కణాలన్నీ తలుపులు బిగించుకుని వండుకునేవి. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో పక్కింటికి తెలిసేది కాదు. అడగడం మర్యాద కూడా కాదు.

ఆ రోజుల్లో బొడ్డేపల్లి గురవయ్య అని ఒక మనిషి ఉండేవాడు. నోట్లో చుట్ట లేకపోతే అతనికి మాట పెగిలేది కాదు. ఈ కథ జరిగింది అతని కుడి ఊపిరితిత్తిలో, కిందినుంచి మూడో సందులో.

ఊపిరితిత్తి అంటే చిన్న ఊరేం కాదు. ఎటు చూసినా బుడగల్లాంటి గదులు. ప్రతి బుడగ చుట్టూ ఇళ్లు. ఇళ్ల వెనకే నెత్తురు కాలువ. ఒక్కో ఇల్లు ఒక్కో కణం, ఇంటికో ఇల్లాలు. గాలి రోజంతా ఈ సందుల్లోకి వస్తూ పోతూ ఉండేది. వచ్చేటప్పుడు మంచి సరుకు తెచ్చేది, పోయేటప్పుడు చెత్త పట్టుకుపోయేది, రెండుసార్లూ కబుర్లు చెప్పేది.

ప్రతి ఇంట్లోనూ తాతలనాటి వంటల పుస్తకం ఒకటుండేది. అన్ని ఇళ్లకీ అదే పుస్తకం. ఎవరికి పడ్డ పేజీ వాళ్లు తీసి వండాలి. ఒకరిది గోడలకి పూసే పులుసు, ఒకరిది జిగురు, ఇంకొకరిది ఇంకేదో. ప్రతి పేజీ చివరా ఒక మాట మాత్రం తప్పకుండా ఉండేది: ఇక చాలు, పొయ్యి ఆర్పు.

ఊరికి కాపలావాళ్లుండేవాళ్లు. తెల్ల తలపాగా, చేతిలో దబ్బనం, నడుముకి మందుపొడి సంచి. వాళ్లలో ఒకతె నూకాలు. గుండ్రంగా ఉండేది. నడిచే తీరికుంటే నడిచేది, లేకపోతే దొర్లేది.

నూకాలు చదువుకున్న బడి గురవయ్య రొమ్ము ఎముక వెనక ఉంది. అక్కడ అ ఆలు లేవు. తిండే చదువు. పంతులమ్మ ఒంట్లో వండే ప్రతి వంటా పిల్లల నాలిక మీద పెట్టేది. గుండెలో వండేది, కాలేయంలో వండేది, కాలి చిటికెన వేలి గోటి దగ్గర వండేది కూడా. మనింటి వంట తిని మొహం చిట్లించి చెయ్యెత్తినవాళ్లని వెనక తలుపులోంచి పంపేసేవాళ్లు. ఆ తలుపులోంచి వెళ్లినవాళ్లు మళ్లీ కనబడలేదు. వందమందిలో ఇద్దరో ముగ్గురో మిగిలేవాళ్లు. నూకాలు మిగిలింది. అన్నీ తిని, ఇంకాస్త పెట్టమని అడిగింది ఆ బడి చరిత్రలో ఆమె ఒక్కతే.

బడి విడిచే రోజున పంతులమ్మ అందరినీ నిలబెట్టి ఒక్క మాట చెప్పింది. బయటివాడు కనబడితే కొట్టండి. మనవాళ్ల మీద చెయ్యి వేశారో, ఉప్పురాయిలా అక్కడికక్కడే కరిగిపోతారు.

అందుకని కాపలావాళ్లు ఎంతో జాగ్రత్తగా పనిచేసేవాళ్లు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఇంటిపేరు అడిగేవాళ్లు. బొడ్డేపల్లివారం అంటే చాలు, దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. బయటినుంచి దూరిన సూక్ష్మజీవులకి ఆ పేరు నోరు తిరిగేది కాదు, దొరికిపోయేవి. ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకొకటి లేదని ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు.

నూకాలు కాపలా తిరిగే సందుల్లో ఈ మూడో సందు ఒకటి, అందులో రాజ్యం పిన్ని ఉండేది. ఆవిడది గోడలకి పూసే పులుసు పేజీ. ఆ పులుసు పూయకపోతే బుడగ గోడలు తడి కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వంటలో ఆవిడ చెయ్యి చాలా మంచిది. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది. ఇంకో గుణం కూడా ఉంది. ఎవరొచ్చినా కూర్చోబెట్టకుండా పంపేది కాదు.

అదే కొంప ముంచింది.

గురవయ్య చుట్ట ముట్టించినప్పుడల్లా సందులోకి పొగ వచ్చేవాడు. నల్ల కోటు, మెల్లని మాట, పెళ్లికి వచ్చినవాడిలా తీరికైన నడక. అందరూ కిటికీలు వేసుకునేవాళ్లు. రాజ్యం పిన్ని మాత్రం పాపం ఎండన పడి వచ్చాడని లోపలికి పిలిచింది. పీట కనబడకపోతే వంటల పుస్తకం మీదే కూర్చోమంది. అతను కూర్చుని తన గొప్పలు చెప్పుకున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఇరవయ్యేళ్లు వచ్చాడు.

ఒకరోజు పిన్ని పుస్తకం తెరిచి చూస్తే పేజీ నిండా మసి. ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది, తడిగుడ్డ పెట్టి తుడిచింది. మసి పోయింది. మసితోపాటు పేజీలో సగం పోయింది. మిగిలిన సగం పక్క పేజీకి అంటుకుంది. పొయ్యి ఆర్పమన్న చివరి మాట ఎటు పోయిందో పోయింది.

పిన్ని కళ్లజోడు సర్దుకుని ఉన్నది ఉన్నట్టు వండింది. పులుసుకీ పాయసానికీ మధ్య రకం ఒకటి తయారైంది. రుచి చూసుకుంది. బాగానే ఉందనిపించింది. ఆపమని ఎక్కడా లేదు కదా, వండుతూనే ఉంది.

గిన్నెలు నిండాయి. గంగాళాలు నిండాయి. ఇల్లు చాలక పిన్ని ఇంటిని నట్టనడుమ రెండు చేసింది. ఇంటితోపాటు తనూ రెండైంది. ఇద్దరు రాజ్యాలు, అదే ముక్కుపుడక, అదే మసి పుస్తకం. ఇద్దరూ నలుగురయ్యారు. నలుగురూ ఎనమండుగురయ్యారు. ఒకళ్లనొకళ్లు అక్కా అని పిలుచుకుంటూ వండుతూనే ఉన్నారు. నీళ్లు చాలడంలేదని కాలువని అడిగితే, ఎవరడిగినా కాదనలేని నెత్తురు వాళ్ల పెరట్లోకి ఒక పాయ తవ్వి ఇచ్చింది.

కొన్నాళ్లకి సందు సగం రాజ్యాలే అయ్యారు.

ఒకరోజు గాలి నూకాలుని దారిలో ఆపింది. గాలికి ఆయాసం రావడం నూకాలు అదే మొదటిసారి చూడటం. గాలి నడుం పట్టుకుని నిలబడి, మూడో సందులోకి పక్కకి తిరిగి దూరాల్సి వస్తోందని, నిన్న మధ్యలో ఇరుక్కుపోయానని చెప్పింది.

"ఇంకో పది రోజులు చూస్తానమ్మా. ఆ తరవాత నేను రాలేను. నేను రాకపోతే మీ ఊళ్లో ఒక్క పొయ్యి వెలగదు."

ఆ మాట అంటుండగానే గురవయ్య దగ్గాడు. ఊరంతా జానెడు ఎగిరి పడింది. అటకల మీది గిన్నెలు దొర్లాయి. నూకాలూ దొర్లింది, ఆమెకి అలవాటే. లేచి తలపాగా సర్దుకుని నేరుగా రాజ్యం పిన్ని ఇంటికి వెళ్లింది.

మొదటి రాజ్యం ఇంకా పాత ఇంట్లోనే ఉంది. నూకాలు గుమ్మం దగ్గర నిలబడి, పద్ధతి ప్రకారం ఇంటిపేరు అడిగింది.

"ఏటే, నన్నే అడుగుతున్నావా? బొడ్డేపల్లి రాజ్యం. నీకు వరసకి పిన్నిని."

నూకాలు నసిగింది. సందు నిండిపోయిందని, గాలి ఆడటంలేదని, ఆ గంగాళంలో ఏం ఉడుకుతోందో ఒక్కసారి చూడాలని అంది. పరాయి వంటింట్లోకి తొంగిచూసే పిల్లని మీ బళ్లో తయారుచేస్తున్నారా అని పిన్ని అడిగింది. నూకాలు దబ్బనం మీద చెయ్యి వేసింది. పిన్ని కోప్పడలేదు. వంగి నూకాలు గడ్డం పట్టుకుంది. రెండు వేళ్లతో మెల్లగా నిమిరింది.

"తిరిగి తిరిగి ఎంత చిక్కిపోయావే. అరుగు మీద కాసేపు నడుం వాల్చు."

నూకాలు జన్మలో ఎవరూ ఆమెని చిక్కిపోయావని అనలేదు. అది అబద్ధమని ఆమెకి తెలుసు. అయినా గడ్డం మీద ఆ వేళ్లు పడగానే ఒళ్లు తేలిపోయింది. కాపలావాళ్ల గడ్డం అలాంటిది. మనవాళ్లెవరైనా పట్టుకుని నిమిరితే చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది. అనవసరమైన కొట్లాటలు ఆగాలని పూర్వం ఎవరో పెట్టిన ఏర్పాటు అది. పిన్నికి ఆ కిటుకు ఎవరు చెప్పారో తెలియదు.

నూకాలు అరుగు మీద ఒరిగింది. ఒరిగేముందు పక్కకి చూస్తే అరుగు పొడుగునా తెల్ల తలపాగాలు. ముప్పైమంది కాపలావాళ్లు వరసగా పడుకుని గుర్రు పెడుతున్నారు. వాళ్లు ఏమయ్యారా అని నెల రోజులుగా ఊరంతా వెతుకుతోంది.

గురవయ్య ఆరు రోజుల తరవాత గట్టిగా దగ్గకపోతే నూకాలు అక్కడే ఉండిపోయేది. ఆ దగ్గుకి అరుగు చివరనుంచి ఎగిరి, సందులో దొర్లి, ఎదురింటి గోడకి తల కొట్టుకుని మేలుకుంది.

ఎదురిల్లు చిట్టెంకమ్మది. ఆవిడ తలుపు తీసి, గోడకి దెబ్బ తగల్లేదు కదా అని అడిగింది.

నూకాలు తల రుద్దుకుంటూ అక్కడే కూర్చుని ఆలోచించింది. ఆమెకి ఎక్కువ ఆలోచించే అలవాటు లేదు, కాబట్టి ఒక్క ఆలోచనే వచ్చింది. ఇంటిపేరు ఎవరైనా చెబుతారు. మొహం అందరిదీ ఒకటే. వేరుగా ఉన్నది పొయ్యి మీద ఉంది, అది మాత్రం తలుపు వెనక ఉంది. నాకు ఈ ఊళ్లో ప్రతి వంట రుచీ తెలుసు. చదివిన చదువంతా నాలిక మీద పెట్టుకుని, నోరు మూసుకుని, పేర్లు అడుక్కుంటూ తిరుగుతున్నాను.

సాయంత్రానికి సందులో ఇల్లాళ్లందరినీ పిలిచింది. ఎవరు ఏం వండినా, అందులోంచి చిటికెడు తీసి దొన్నెలో పెట్టి గుమ్మానికి కట్టాలని చెప్పింది. వండినంతసేపూ కట్టాలి, ఎప్పటికప్పుడు మార్చాలి.

గోల మొదలైంది. మా వంట నలుగురి నోళ్లలో పడుతుందని ఒకరు, దొన్నెలు ఎవరు కుడతారని ఒకరు, ఇవాళ మాడింది రేపట్నుంచి కడతామని ఒకరు. అందరికన్నా గట్టిగా అడ్డుపడింది చిట్టెంకమ్మ. ఆవిడ పేజీ కఫం.

"నేను వండేది కఫం. అది గుమ్మానికి కట్టమంటావేటి?"

"కట్టమ్మా."

"చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"కఫం అనుకుంటారు."

చిట్టెంకమ్మ ఇంకా ఏదో అనబోయింది గానీ, అప్పుడే గాలి సందులోకి వచ్చి మధ్యలో ఇరుక్కుంది. నలుగురు పట్టి లాగితే ఊడి వచ్చింది. ఆ గాలి మొహం చూశాక ఇంకెవరూ వాదించలేదు. దొన్నెలు కుట్టడానికి కూర్చున్నారు.

మర్నాడు సందు సందంతా గుమ్మాలకి దొన్నెలు వేలాడుతున్నాయి. నూకాలు ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, మునివేళ్ల మీద లేచి, దొన్నెకి నాలిక ఆనించి ముందుకి పోయింది. అన్నీ బళ్లో తిన్నవే. చిట్టెంకమ్మ దొన్నె దగ్గర కూడా ఆగింది. బావుంది అంది. చిట్టెంకమ్మ లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది.

రాజ్యాలు ఉండే సగం సందులో మాత్రం చాలా గుమ్మాలు బోసిగా ఉన్నాయి. దొన్నె కడితే దొరికిపోతామని తెలివైన రాజ్యాలు ఏమీ కట్టలేదు. కట్టని ఇంటిని నూకాలు ఏమీ చేయలేదు. నాలిక ఆనించడానికి అక్కడ ఏమీ లేదు మరి.

అందుకని ఆమె వెళ్లి అప్పలకొండ మావని పిలుచుకొచ్చింది.

అప్పలకొండ మావ కూడా కాపలా మనిషే గానీ ఆ బడికి పోలేదు. ఏ బడికీ పోలేదు. అతనికి పాయసానికీ పచ్చడికీ తేడా తెలియదు. ఊరంతా దొన్నెలు కట్టుకున్నారన్న సంగతి మాత్రం బుర్రకి ఎక్కింది. అతనికి ఒక్కటే పట్టింపు, అందరూ చేసే పని ఒకరు చేయకపోతే ఒళ్లు మండుతుంది.

మావ మొదటి బోసి గుమ్మం ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"దొన్నేదీ?"

మర్చిపోయానని లోపల్నుంచి రాజ్యం జవాబు చెప్పింది. మర్చిపోతే ఎలా అని మావ తలుపు బద్దలుకొట్టి లోపలికి పోయాడు. కాసేపటికి ఇల్లు లేదు. పక్క గుమ్మం దగ్గరికి వెళ్లాడు. అక్కడా దొన్నేదీ అనే అడిగాడు. సాయంత్రం దాకా అదొక్క మాటే అడిగాడు. బోసి గుమ్మం ఒక్కటి మిగల్లేదు.

ఇక మిగిలిన రాజ్యాలు దొన్నెలు కట్టినవాళ్లు. మావ వాళ్లకి దండం పెట్టి, అంతా పద్ధతిగా ఉందని ఇంటికెళ్లి పడుకున్నాడు.

మొదటి రాజ్యం పిన్ని దొన్నె కట్టింది. కట్టకూడదని ఆవిడకి తెలుసు. కానీ ఇన్నేళ్లు ఇంత వండి ఒక్కరితోనూ బావుందని అనిపించుకోలేదు. ఎదురింటి కఫం దొన్నె గుమ్మానికి ఊగుతుంటే, తన వంట తలుపు వెనక ఉండటం ఆవిడ వల్ల కాలేదు. అందరికన్నా పెద్ద దొన్నె కట్టింది. పైన జీడిపప్పు కూడా అద్దింది.

నూకాలు వెళ్లేముందు చిట్టెంకమ్మని అడిగి ఆముదం పుచ్చుకుంది. గడ్డానికి బాగా పట్టించింది. మెడ దాకా కారింది.

గుమ్మం దగ్గర ఈసారి ఇంటిపేరు అడగలేదు. మునివేళ్ల మీద లేచి దొన్నెకి నాలిక ఆనించింది.

రుచి బ్రహ్మాండంగా ఉంది. ఆ తరవాత ఒంటిమీద ఒక్కొక్క రోమమూ నిక్కబొడుచుకుంది. ఇది బళ్లో లేదు.

లేదా? నూకాలుకి అనుమానం వచ్చింది. గుండె వంటలయ్యాయి, కాలేయం వంటలయ్యాయి, గోరు వంట రెండుసార్లయింది. ఒకరోజు మధ్యాహ్నం తిని తిని కునుకు పట్టింది. ఆ కునుకులో ఒక వంట దాటిపోయిందేమో. దాటిపోయి ఉంటే ఇది మనింటిదే, దబ్బనం దించిన క్షణాన తను ఉప్పురాయి. అలాగని వదిలేస్తే ఎల్లుండి నుంచి గాలి రాదు. ఇంకోసారి నాలిక ఆనించింది. మూడోసారి కూడా ఆనించింది. నిజం చెప్పాలంటే మూడోసారి అనుమానంతో కాదు.

పిన్ని గడప మీదికి వచ్చింది. నూకాలు మొహం చూడగానే ఆవిడకి సంగతి అర్థమైంది. చిక్కిపోయావే అంటూ గడ్డం పట్టుకోబోయింది. చెయ్యి జారింది. ఇంకోసారి పట్టుకోబోయింది, మళ్లీ జారింది. పిన్ని తన వేళ్ల మీది ఆముదం చూసుకుని, చేతులు చీరకి తుడుచుకుంది.

"అంత బాగోలేదేటే?" అని అడిగింది.

"బాగుంది పిన్నీ. మనింటిది కాదు."

నూకాలు రెండు చేతులూ చాపి ఇంటి గోడని కరుచుకుంది. పొట్ట గోడకి ఆనించి కదలకుండా నిలబడింది. దబ్బనంతో గోడకి సన్నని చిల్లులు పొడిచింది. సంచిలోంచి చిటికెడు మందుపొడి తీసి ఆ చిల్లుల్లోంచి లోపలికి ఊదింది. కళ్లు మూసుకుంది.

పాదాల మీద చల్లగా ఏదో కారింది. అయిపోయింది, కరిగిపోతున్నాను అనుకుంది. పంతులమ్మ గుర్తొచ్చింది. కాసేపు ఎదురుచూసింది. ఎంతసేపటికీ మోకాళ్లు మోకాళ్లలాగే ఉన్నాయి. ఒక కన్ను తెరిచి కిందికి చూసింది. ఆముదం.

ఇల్లు మాత్రం కరుగుతోంది. పొయ్యి దానంతటదే ఆరింది. పెంకులు లోపలికి జారాయి, గోడలు ముడుచుకున్నాయి, రాజ్యం పిన్ని, గంగాళాలు, మసి పుస్తకం అన్నీ చిన్న చిన్న మూటలైపోయాయి. పక్కిళ్ల మీద ఒక్క బొట్టు చిందలేదు. ఊడ్చేవాళ్లు వచ్చి మూటల్ని నోట్లో వేసుకుని పోయారు. అది వాళ్ల పని.

ఇంకా చాలామంది రాజ్యాలున్నారు. నూకాలు ఒక్కతే. రాజ్యం చేసిన పని తనెందుకు చేయకూడదని ఆమెకి తోచింది. గట్టిగా ఊపిరి బిగబట్టి రెండైంది. ఇద్దరు నూకాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని, ఇంత లావుగా ఉన్నామా అనుకున్నారు. ఆ తరవాత నలుగురయ్యారు, ఎనమండుగురయ్యారు. అరుగు మీద గుర్రుపెడుతున్న ముప్పైమందికీ గడ్డాలకి ఆముదం రాసి లేపారు. అందరి నాలికల మీదా అదే రుచి పెట్టారు. దొర్లుకుంటూ పోయి, ఆ రుచి ఏ గుమ్మానికుంటే ఆ గోడకి పొట్టలు ఆనించారు.

పదో రోజున గాలి పక్కకి తిరక్కుండా నేరుగా నడిచి వచ్చింది. సందు చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ ఒకసారి వెళ్లింది, ఊరికే.

గురవయ్యకి ఇవేవీ తెలియవు. ఇవాళ దగ్గు తగ్గిందని భార్యతో చెప్పి, ఆ సంతోషంలో చుట్ట ముట్టించబోయాడు. ఆవిడ లాక్కుని పొయ్యిలో పడేసింది.

గాలి ఊరుకునే మనిషి కాదు కదా. గురవయ్య ముక్కులోంచి బయటికి పోయి, అతని భార్య ముక్కులో చెప్పింది, పక్కింటివాళ్ల ముక్కుల్లో చెప్పింది, సంతకి వెళ్లి అక్కడున్న ముక్కులన్నిటిలోనూ చెప్పింది. ఏడాది తిరిగేసరికి భూమ్మీద ప్రతి మనిషి ఒంట్లోనూ దొన్నెలు కట్టారు.

పొగ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. అతన్ని కూర్చోబెట్టే రాజ్యాలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల సంసారాన్నే డాక్టర్లు ఊపిరితిత్తుల కేన్సర్ అంటారు. కొందరు దొన్నె దాచేస్తారు, కొందరు గడ్డాలు నిమిరి కాపలావాళ్లని నిద్రపుచ్చుతారు. ఒక్కోసారి వాళ్లదే పైచేయి అవుతుంది. అప్పుడు డాక్టర్లు సూదిమందు ఇచ్చి, గడ్డం మీది చెయ్యి జారేలా చేసి, నిద్రపోయినవాళ్లని లేపాల్సి వస్తుంది. అన్నిసార్లూ లేవరు. కొన్నిసార్లు లేస్తారు.

అప్పటినుంచే ఒంట్లో ప్రతి కణమూ తను వండినదాంట్లో చిటికెడు తీసి గుమ్మానికి కడుతోంది, నువ్వు నిద్రపోతున్నా సరే, ఈ కథ వింటున్నా సరే. అప్పటినుంచే కాపలా కణాలు ఎవరి ఇంటిపేరూ అడగవు, ఎవరి మొహమూ చూడవు. గుమ్మం దగ్గర ఆగుతాయి, నాలిక ఆనిస్తాయి, మనింటిదైతే ముందుకి పోతాయి. కాకపోతే లోపలున్నది పిన్ని అయినా సరే, గోడకి పొట్ట ఆనించి దబ్బనం తీస్తాయి.